జీవద్భాషలకు తలుపు తీసిందెవరు?

ఆధునిక యూరపు భాషలు చదువుతానని విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకునే విద్యార్థిని పెద్దలు అడిగే మొదటి ప్రశ్న, ఆ చదువుతో యే ఉద్యోగం వస్తుందని. హైదరాబాదులో వినిపించే యీ ప్రశ్న ఇంగ్లండులోనూ వినిపిస్తుంది. ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి వుంది. దాన్ని సాధారణంగా యెవరూ అడగరు: ఆ దరఖాస్తు పెట్టుకోగల స్థితి అసలు యెవరికి వుంది?

ఇంగ్లండులో యీ వ్యవహారం పైకి చాలా సమంగా కనిపిస్తుంది. దేశంలోని విశ్వవిద్యాలయాలకు కలిపి ఒకే దరఖాస్తు. అందులో విద్యార్థి అయిదు కోర్సుల దాకా కోరుకోవచ్చు. ప్రభువు కొడుక్కీ, బస్సు డ్రైవరు కూతురికీ అదే ఫారం. అయితే న్యాయశాస్త్రమో ఆర్థికశాస్త్రమో చదవదలచినవాడు ఆ విషయాన్ని బడిలో చదివి వుండవలసిన పనిలేదు. ఫ్రెంచి సాహిత్యమో జర్మన్ సాహిత్యమో చదవదలచిన వాడి సంగతి వేరు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి వంటి చోట్ల కనీసం ఒక భాషనైనా పద్దెనిమిదో యేట రాసే ఎ-లెవెల్ పరీక్ష దాకా చదివి రావడం సాధారణ నియమం. అంటే ఆ దరఖాస్తు మీద తీర్పు, దాన్ని రాయడానికి యేడెనిమిదేళ్ళకు ముందే జరిగిపోతుంది. పిల్లవాడు యే బడిలో చేరాడు, ఆ బడిలో భాషల పంతులు వున్నాడా లేడా అన్నదే ఆ తీర్పు.

ఇది యీనాడు పుట్టిన పరిస్థితి కాదు. దీని వెనక సుమారు మూడువందల యేళ్ళ చరిత్ర వుంది. తెలుగు సాహిత్యం బోధించే నాకు ఆ చరిత్రతో యేం పని అని పాఠకులు అడగవచ్చు. బతికివున్న భాషకు విద్యాపీఠంలో చోటు వుందా అన్న ప్రశ్న మనం కూడా యెదుర్కొన్నదే. ఇంగ్లీషు పాలకవర్గం ఆ ప్రశ్నకు తన ఇంట్లో చెప్పుకున్న సమాధానం తెలిస్తే, మన ఇంట్లో చెప్పిన సమాధానం మరింత స్పష్టంగా అర్థమవుతుంది.

1

1724లో మొదటి జార్జి రాజు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో ఆధునిక చరిత్రకు ఆచార్య పీఠాలు నెలకొల్పాడు. ఆచార్యుడికి యేటా 400 పౌనుల జీతం. అందులోంచి అతడు ఆధునిక భాషలు నేర్పే ఇద్దరు ఉపాధ్యాయులను పోషించాలి. రాజుగారి ఉద్దేశంలో రహస్యమేమీ లేదు. విదేశాలతో వ్యవహారాలు నడపడానికి రాయబారులూ, కార్యదర్శులూ కావాలి. వారికి ఫ్రెంచి రావాలి.

కాని యీ యేర్పాటులోనే దాని బలహీనత వుంది. పీఠం చరిత్రకు, జీతం ఆచార్యుడికి. భాష నేర్పేవాడు ఆచార్యుడి పోషణలో బతికే మనిషి. 1768లో కేంబ్రిడ్జి పీఠం కవి థామస్ గ్రేకు దక్కింది. 1771లో చనిపోయేదాకా ఆయన ఒక్క ఉపన్యాసం కూడా ఇవ్వలేదు. ఆ కాలంలో కేంబ్రిడ్జిలో ఇటాలియన్ నేర్పినవాడు మిలాను నుంచి వచ్చిన అగొస్తీనో ఇజోలా. విద్యార్థిగా వున్న వర్డ్స్‌వర్త్‌కు ఇటాలియన్ నేర్పింది ఆయనే. పీఠం ఒకరిది, పని మరొకరిది.

ఆనాటి కులీన కుటుంబాలకు ఫ్రెంచి రాకపోలేదు. ఇంట్లో ఫ్రెంచి పంతులమ్మ వుండేది. యవ్వనంలో కుర్రవాణ్ణి పారిస్‌కూ రోముకూ తిప్పుకొచ్చేవారు. భాష వారికి సంస్కారం, నృత్యమూ కత్తిసామూ వంటిది. దాన్ని విద్యగా మాత్రం లెక్కించలేదు. యెందుకంటే ఫ్రెంచి ముక్కలు ఓడరేవులోని వర్తకుడి గుమాస్తాకు కూడా వచ్చు. అతనికి రానిది గ్రీకు. గుమాస్తాను పెద్దమనిషినుంచి వేరు చేసే కంచెగా గ్రీకు పనికివచ్చినంతగా ఫ్రెంచి పనికిరాదు. ఒక భాషకు విశ్వవిద్యాలయం ఇచ్చే గౌరవం ఆ భాషలోని గ్రంథాల గొప్పతనాన్నిబట్టి మాత్రమే రాదు. ఆ భాష యెవరిని బయట నిలపగలదో దాన్నిబట్టి కూడా వస్తుంది.

2

ఆధునిక భాషలకు సొంత పీఠాలు ఇచ్చి గౌరవించిన చోటు ఆక్స్‌ఫర్డ్ కాదు, లండన్. 1828లో తరగతులు ప్రారంభించిన లండన్ కళాశాల, తరవాత యూనివర్సిటీ కాలేజి అని పేరు పొందినది, మత పరీక్ష లేకుండా విద్యార్థులను చేర్చుకుంది. అప్పట్లో ఆంగ్లికన్ చర్చి సిద్ధాంతాలను అంగీకరిస్తూ సంతకం చెయ్యనివాడికి ఆక్స్‌ఫర్డ్‌లో ప్రవేశమే లేదు. కేంబ్రిడ్జిలో చదవవచ్చు గాని డిగ్రీ లేదు. చర్చిని అంగీకరించని క్రైస్తవ శాఖలవారు, యూదులు, కాథలిక్కులు, వర్తకవర్గంలోని హేతువాదులు, వీళ్ళకోసం వెలసిన కళాశాల అది. వీళ్ళకు గ్రీకు కంచె అక్కరలేదు. ప్రపంచంతో పని వుంది.

అక్కడ మొదటి ఆచార్యులు యెవరో చూడండి. ఇటాలియన్‌కు అంటోనియో పనిజ్జీ. మోడెనా సంస్థానంలో రహస్య విప్లవసంఘంలో పనిచేసి దేశం విడిచి పారిపోయిన న్యాయవాది. అతని పరోక్షంలో అక్కడ మరణశిక్ష విధించారు. జర్మన్‌కు లుడ్విగ్ ఫాన్ మ్యూలెన్‌ఫెల్స్. ప్రష్యా ప్రభుత్వం రాజకీయ కారణాలతో బంధిస్తే తప్పించుకు వచ్చినవాడు. స్పానిష్‌కు ఆంటోనియో అల్కాలా గలియానో. స్పెయిన్‌లో రాచరిక నిరంకుశత్వం తిరిగి గెలిచినప్పుడు పారిపోయిన ఉదారవాది. 1831లో కింగ్స్ కాలేజిలో ఇటాలియన్ పీఠం యెక్కిన గాబ్రియేలె రొసెట్టీ కూడా నేపుల్సు రాజు ఆగ్రహానికి గురై వచ్చిన ప్రవాసి కవే.

ఇది కాకతాళీయం అనుకోను. యూరపులో 1820ల నాటి విప్లవాలు ఓడిపోకపోతే ఇంగ్లండులో ఆధునిక భాషల శాఖలు యీ రూపంలో పుట్టివుండేవి కావు. ఓడిపోయిన విప్లవకారులు తమ వెంట ఆస్తులు తెచ్చుకోలేదు, భాష తెచ్చుకున్నారు. దాంతే కవిత్వం వారికి పరీక్షకు పాఠ్యభాగం మాత్రమే కాదు, ముక్కలై పరాయి పాలనలో పడివున్న దేశాన్ని గురించిన ఆలోచన. ఆధునిక భాషల చదువుకు మొదటి ప్రాణం ఇక్కడ పోశారు.

అయితే ఆ ప్రాణం నిలవడానికి అన్నం కావాలి. ఆ పీఠాల ఆదాయం చేరే విద్యార్థుల ఫీజుల మీద ఆధారపడింది. విద్యార్థులు స్వల్పం. పనిజ్జీ 1831లో బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో పనికి కుదురుకున్నాడు. 1856లో దానికే అధిపతి అయ్యాడు. ఇంగ్లండు భాషల ఆచార్యుడిగా పోషించలేకపోయిన మనిషి గ్రంథాలయాధికారిగా చరిత్రకెక్కాడు.

ఇదే యూనివర్సిటీ కాలేజిలో తరవాతి కాలంలో తెలుగు ఆచార్యుడిగా పనిచేసినవాడు మన సి. పి. బ్రౌన్. ఫ్రెంచి అక్కడికి వర్తకం వెంట వచ్చింది. ఇటాలియన్ ప్రవాసం వెంట వచ్చింది. తెలుగు సామ్రాజ్యం వెంట వచ్చింది. ముగ్గురూ ఒకే వసారాలో నిలబడ్డారు. లోపలి గదిలో గ్రీకు, లాటిన్ కూర్చున్నాయి.

3

లోపలి గదిలో యెవరికి యెంత విలువో అంకెల్లో చూపే పత్రం ఒకటి వుంది. భారత సివిల్ సర్వీసు ఉద్యోగాలకు బహిరంగ పోటీ పరీక్ష పెట్టాలని 1854లో మెకాలే అధ్యక్షతన ఒక సంఘం నివేదిక ఇచ్చింది. అందులో ప్రతిపాదించిన మార్కులివి: గ్రీకుకు 750, లాటిన్‌కు 750, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్‌లకు ఒక్కొక్కదానికి 375, సంస్కృతానికి 375, అరబ్బీకి 375. గోదావరి జిల్లాకు కలెక్టరుగా రాబోయేవాడు యేథెన్సు భాషతో పోటీ గెలవవచ్చు. గోదావరి భాష ఆ పట్టికలోనే లేదు. దాన్ని యెన్నికైన తరవాత నేర్చుకుంటాడు.

మనకు అవమానంగా తోచే యీ పట్టిక ఇంగ్లండు పేద విద్యార్థికి కూడా తలుపు మూసింది. ఫ్రెంచికంటే గ్రీకుకు రెండింతల ధర పలికే సంతలో, గ్రీకు నేర్పే బడికి పోలేని కుర్రవాడు సగం ధరకే అమ్ముడుపోవాలి. వలసపాలన కోసం తయారైన కొలబద్దే స్వదేశంలో వర్గాన్ని కూడా కొలిచింది.

ఆక్స్‌ఫర్డ్ సంగతి చూద్దాం. సర్ రాబర్ట్ టేలర్ అనే వాస్తుశిల్పి, బాంక్ ఆఫ్ ఇంగ్లండుకు పనిచేసి సంపాదించినవాడు, 1788లో చనిపోతూ యూరపు భాషలు నేర్పడానికి ఆక్స్‌ఫర్డ్‌కు ఆస్తి రాశాడు. ఆ డబ్బు 1835కు గాని విశ్వవిద్యాలయం చేతికి రాలేదు. టేలర్ సంస్థ భవనం 1845లో తెరిచారు. అక్కడి ఆధునిక యూరపు భాషల పీఠాన్ని 1854లో మాక్స్ ముల్లర్ అధిష్ఠించాడు. ఋగ్వేదం అచ్చువేసిన పండితుడుగా మనకు తెలిసిన మనిషి జీతం తీసుకున్నది ఆధునిక యూరపు భాషల ఆచార్యుడుగా! 1868లో ఆయనకోసం తులనాత్మక భాషాశాస్త్ర పీఠం యేర్పాటు చేసి, ఆధునిక భాషల పీఠాన్ని రద్దు చేశారు. భవనం నిలిచింది, పీఠం పోయింది.

ఇక్కడినుంచి ఒక విచిత్రమైన షరతు బయలుదేరింది. జీవద్భాష విశ్వవిద్యాలయంలోకి రావచ్చు గాని, శవంలాగా రావాలి. కేంబ్రిడ్జిలో ఆధునిక భాషలకు ప్రత్యేక పట్ట పరీక్ష 1884లో అనుమతి పొందింది. 1886లో మొదటి పరీక్ష జరిగింది. అందులో బరువంతా ప్రాచీన రూపాల మీద, ధ్వనిమార్పుల మీద, మధ్యయుగ గ్రంథాల మీద. ఫ్రెంచి మాట్లాడగలడా అన్న పరీక్ష లేకుండానే ఫ్రెంచి పండితుడు తయారయ్యాడు. యెందుకని? మాట్లాడ్డం హోటలు నౌకరుకు కూడా వచ్చు కనుక. ఆక్స్‌ఫర్డ్‌లో ఇలాంటి ప్రతిపాదనే 1887లో ఓట్లు సరిసమానంగా చీలి ఓడిపోయింది. చివరకు 1903లో గాని అక్కడ ఆధునిక భాషలకు డిగ్రీ రాలేదు.

మన వాదాలు గుర్తుకు రావడం లేదూ? 1914లో మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంటర్మీడియట్ తెలుగు వ్యాసరచన యే భాషలో వుండాలన్న వివాదంలో గురజాడ అసమ్మతి పత్రం రాసింది యీ షరతు మీదే. జనం నోట్లో వున్న తెలుగు విద్యకు తగదన్న పండితుడూ, పారిస్ వీధిలోని ఫ్రెంచి డిగ్రీకి తగదన్న కేంబ్రిడ్జి పెద్దా ఒకరి మాట ఒకరు వినకుండానే ఒకే మాట అన్నారు. వారిద్దరికీ వ్యాకరణం ఒకటి కాదు; వర్గ ప్రయోజనం ఒకటి.

4

ఆ తలుపును లోపలినుంచి యెవరూ తియ్యలేదు. బయటివాళ్ళు నెట్టారు. వారిలో ముందు చెప్పవలసింది స్త్రీలను. బాలికల బళ్ళలో గ్రీకు, లాటిన్ తక్కువ; ఆడపిల్లకు తగిన అలంకారమని ఫ్రెంచి, జర్మన్ నేర్పేవారు. ఆ అలంకారాన్నే వాళ్ళు ఆయుధం చేసుకున్నారు. కేంబ్రిడ్జిలో గర్టన్ 1869లో, న్యూనమ్ 1871లో స్త్రీలకోసం వెలశాయి. కొత్త భాషల శాఖలో మొదటినుంచీ స్త్రీలు గణనీయంగా కూర్చున్నారు. పరీక్ష నెగ్గినా పట్టం మాత్రం ఇవ్వలేదు. ఆక్స్‌ఫర్డ్ 1920లో ఇచ్చింది. కేంబ్రిడ్జి 1948దాకా ఇవ్వలేదు. మనకు స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం కేంబ్రిడ్జి స్త్రీకి పట్టం వచ్చింది!

రెండో తోపు యుద్ధంనుంచి వచ్చింది. 1914లో జర్మనీతో యుద్ధం మొదలైనాక, శత్రువు భాష తెలిసినవారు యెంత తక్కువో పాలకులకు తెలిసివచ్చింది. మార్కెట్లకోసం పోటీపడే పెట్టుబడికి భాషలు కావాలన్న సంగతీ తెలిసింది. 1916లో నియమించిన లీత్స్ సంఘం 1918లో ఆధునిక భాషల చదువు మీద నివేదిక ఇచ్చింది. దాని తరవాత కేంబ్రిడ్జి 1919లో, ఆక్స్‌ఫర్డ్ 1920లో గ్రీకు తప్పనిసరి అన్న నియమాన్ని యెత్తేశాయి. లాటిన్ కంచె మరో నలభై యేళ్ళు నిలిచి, 1960లో రెండుచోట్లా పడింది.

మూడో తోపు శ్రామికవర్గానిది. 1944 విద్యాచట్టం మాధ్యమిక విద్యను ఉచితం చేసింది; 1962 చట్టం డిగ్రీ చదివే అర్హులైన విద్యార్థులకు జీవనవేతనం ఇవ్వడాన్ని స్థానిక సంస్థల బాధ్యతగా చేసింది. ఫాక్టరీ కార్మికుడి కూతురు ఫ్రెంచి చదవడానికి విశ్వవిద్యాలయానికి పోగలిగిన కాలం అది. ఆ రోజులను స్వర్ణయుగమని పొగడనక్కరలేదు. పదకొండో యేట ఒక పరీక్ష పెట్టి పిల్లలను విడదీసేవారు. నెగ్గినవాడు భాషలు నేర్పే గ్రామర్ స్కూలుకు, తప్పినవాడు చాలాచోట్ల పరభాష ఊసేలేని బడికి. అయినా తలుపు మునుపెన్నడూ తెరుచుకోనంత తెరుచుకుంది. అది పాలకుల దయవల్ల కాదు. ఫాసిజంతో పోరాడి తిరిగివచ్చిన ప్రజలు 1945లో ఇచ్చిన తీర్పువల్ల, కార్మికోద్యమపు బలంవల్ల.

5

తెరుచుకున్న తలుపు తెరుచుకునే వుంటుందని చరిత్ర హామీ ఇవ్వదు. ఇంగ్లండులో 1998లో డిగ్రీ విద్యార్థులమీద యేటా 1,000 పౌనుల ఫీజు పెట్టారు. 2006లో అది 3,000, 2012లో 9,000 దాకా పోయింది. భాషల డిగ్రీకి సాధారణంగా ఒక సంవత్సరం విదేశవాసం కలిసి నాలుగేళ్ళు పడుతుంది. అంటే అప్పు కూడా ఒక యేడు యెక్కువ.

ఫీజుకంటే పెద్ద దెబ్బ బడిలో తగిలింది. 2004లో పద్నాలుగేళ్ళు దాటిన పిల్లలకు పరభాష తప్పనిసరి కాదన్నారు. పదహారో యేట ఫ్రెంచి పరీక్ష రాసేవారి సంఖ్య ఆ తరవాత ఇరవై యేళ్ళలో సగానికంటే తక్కువకు పడిపోయింది. ఎ-లెవెల్ జర్మన్ 2023లో దేశమంతటా కలిపి మూడువేలమంది కూడా రాయలేదు. పిల్లల్లో నూటికి సుమారు యేడుగురే చదివే ప్రైవేటు బళ్ళలో మాత్రం భాషలు నిలిచాయి. మిగిలిన తొంభైమందికి పైగా చదివే ప్రభుత్వ బళ్ళలో కొడిగట్టాయి. బడిలో విద్యార్థులు తగ్గారు కనుక విశ్వవిద్యాలయాల్లో శాఖలు మూస్తున్నారు. శాఖలు మూస్తున్నారు కనుక రేపటి పంతుళ్ళు తయారు కారు. పంతుళ్ళు లేరు కనుక బడిలో భాష పోతుంది. ఇదొక విషచక్రం. దాన్ని మొదలుపెట్టింది పిల్లల ఇష్టాయిష్టాలు కాదు, ప్రభుత్వ నిర్ణయం.

గ్రీకు కంచెను చట్టంగా రాశారు గనుక పేరుపెట్టి పోరాడగలిగారు. యీ కొత్త కంచెకు పేరు 'విద్యార్థి యెంపిక'. పేద బడి పిల్లవాడు ఫ్రెంచి కోరుకోలేదట. కోరుకోవడానికి అది తన బడిలో వుంటే గదా! రెండో భాషను మొదటి అక్షరంనుంచి నేర్పే కోర్సులు విశ్వవిద్యాలయాలు పెట్టాయి. అది మంచి పనే. కాని మొదటి భాషను బడినుంచే తెమ్మన్నంతకాలం ఆ మేలు సగంలోనే ఆగిపోతుంది.

ఇంగ్లీషు చాలు, మిగిలినదానికి యంత్రాలు అనువదిస్తాయి అని ఒక వాదం బలంగా వినిపిస్తోంది. ఆ వాదం చేసేవారి పిల్లలు యే బడిలో చదువుతున్నారో, అక్కడ యెన్ని భాషలు నేర్పుతున్నారో చూస్తే దాని నిజాయితీ తేలుతుంది. యంత్రం ఉత్తరాన్ని అనువదిస్తుంది. యెవరు యెవరితో, యే ప్రశ్న అడగడానికి, యే పుస్తకం తెరవాలో అది నిర్ణయించదు.

6

ఇక మన సంగతి. హైదరాబాదులో 1958లో ఇంగ్లీషు బోధన కోసం కేంద్ర సంస్థ వెలిసింది. 1972లో విదేశీభాషలను కూడా కలుపుకుని పేరు మార్చుకుంది. 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. ఇక్కడ ఫ్రెంచి, జర్మన్, రష్యన్, స్పానిష్ భాషల్లో డిగ్రీకి వచ్చే విద్యార్థి ఆ భాషను బడిలో నేర్చుకుని వుండనక్కరలేదు, అక్షరాలనుంచి ప్రారంభించవచ్చు. ఆక్స్‌ఫర్డ్ నేర్చుకోదగిన విషయమిది. అయితే మన తలుపుకూ ఒక గడియ వుంది. దాని పేరు ఇంగ్లీషు. ప్రవేశ పరీక్ష మొదలు పాఠంలో వివరణ దాకా ఇంగ్లీషు దాటనిదే రష్యన్ చేరలేము. ఇంగ్లండులో 1919దాకా గ్రీకు చేసిన కాపలాపని, మన దగ్గర ఇంగ్లీషు చేస్తోంది. పాలమూరునుంచో శ్రీకాకుళంనుంచో తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లవాడికి ఫ్రెంచి కష్టం కాదు. ఫ్రెంచిదాకా పోయే దారి కష్టం.

దీని నష్టం ఆ పిల్లవాడిది మాత్రమే కాదు, మన సాహిత్యానిది కూడా. గోర్కీ 'అమ్మ'ను తెలుగు చేసిన క్రొవ్విడి లింగరాజు తరంనుంచి మన అభ్యుదయ సాహిత్యం యూరపునుంచి యెంతో పొందింది. మాస్కోలో కూర్చుని తెలుగు అనువాదాలు చేసిన ఉప్పల లక్ష్మణరావు వంటి వారి శ్రమా మనకు తెలుసు. అయినా మన చేతికి వచ్చిన ఫ్రెంచి, జర్మన్, రష్యన్ రచనల్లో అధికభాగం లండన్ మీదుగా వచ్చింది. యేది అనువదించదగింది, యేది కాదన్న మొదటి యెంపిక ఇంగ్లీషు ప్రచురణకర్త చేశాడు. మనం రెండో యెంపిక చేసుకున్నాం. వలసపాలన పోయినా, మనం యూరపును చూసే కిటికీ ఇప్పటికీ ఇంగ్లీషువాడి గోడలోనే వుంది.

కనుక భాషల చదువును సంపన్నుల విలాసమనుకుని అభ్యుదయవాదులు వదిలెయ్యడానికి వీలులేదు. ఆ చదువును ఇంగ్లండులో నిలబెట్టినవారు ఓడిన విప్లవకారులు, పట్టం నిరాకరించబడిన స్త్రీలు, వేతనం తీసుకుని చదివిన కార్మికుల బిడ్డలు. దాన్ని విలాసంగా మార్చింది, వారిని బయటికి నెట్టిన విధానాలు. మనం అడగవలసినవి రెండు. జిల్లా ప్రభుత్వ కళాశాలల్లో కనీసం ఒక యూరపు భాషను, ఒక ఆసియా భాషను మొదటి అక్షరంనుంచి నేర్పే యేర్పాటు వుండాలి. ఆ పాఠం తెలుగులో చెప్పగల పంతుళ్ళు, తెలుగునుంచి ఆ భాషకు నేరుగా పోయే నిఘంటువులు, వ్యాకరణాలు తయారు కావాలి. బ్రౌన్ తన ప్రభుత్వ అవసరానికి మన భాషలోకి వచ్చే నిఘంటువు తయారుచేసుకున్నాడు. మన అవసరానికి మనం తయారుచేసుకోలేమా?

విశ్వవిద్యాలయ దరఖాస్తులో యే భాష చదువుతావని ఒక గడి వుంటుంది. ఆ గడి నింపేది విద్యార్థి చెయ్యి. అందులో యేం రాయగలడో నిర్ణయించేది అతని ఊరి బడి. పోరాటం ఆ బడి దగ్గర మొదలుకావాలి.